వెనక సీట్లో కూర్చునేది మనమేగా!

మా ఇంట్లో ఓ అంబాసిడర్ కారుంది. ఈ కాలంలో అంబాసిడర్ ఏమిటని మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను, మా అమ్మాయి స్నేహితురాళ్ళు కూడా నవ్వుతారు. 1973 మోడల్. మా మావయ్యగారు 1986లో విశాఖపట్నంలో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. 2009లో నేను కోడలిగా శృంగవరపుకోటలో దిగింది ఆ కార్లోంచే. పిల్లలిద్దరినీ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నదీ దాన్లోనే. మావయ్యగారు 2019లో పోయారు. కారు అమ్మేద్దామని ఎవరైనా అంటే అత్తయ్యగారు ఒకటే మాట అంటారు: "ఆ హారన్ వినిపిస్తే ఆయన ఊర్నించి వచ్చినట్టుంటుందర్రా." ఆ మాట తర్వాత ఇంక ఎవరం ఏమీ మాట్లాడం.

కారు సంగతి ఆడవాళ్ళ పేజీకి ఎందుకు రాస్తున్నానని పేజీ తిప్పేయకండి. కారు కొనేటప్పుడు ఏ రంగు బాగుంటుందని మనల్ని అడుగుతారు. నెలకి పెట్రోలు ఎంతయిందో చిట్టాలో రాసేదీ మనమే. కానీ అది రిపేరు షెడ్డుకి వెళ్ళి వచ్చినప్పుడు ఏం మార్చారో, ఎలా బిగించారో మనకెవరూ చెప్పరు. మనమూ అడగం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చద్ది మూట ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటాం. నేనూ పద్నాలుగేళ్ళు అలాగే కూర్చున్నాను.

2023 కార్తీకమాసంలో పుణ్యగిరి వెళ్ళొస్తుంటే బండి వెనక నుంచి కుక్క ఊళ పెట్టినట్టు మోత మొదలైంది. మర్నాడు మేస్త్రి బండి కింద దూరి చూసి, "క్రౌనూ పినియనూ పోనాయి బాబూ. హౌసింగు కూడా పగిలిపోనాది. ఎనకాల యాక్సిలు మొత్తం మార్చీయాలి" అన్నాడు. రెండు వెనక చక్రాల్నీ కలిపే ఇరుసు, దాని మధ్యలో కుండలా ఉబ్బెత్తుగా ఉండే పళ్ళ చక్రాల గూడు, అన్నీ కలిపి ఒకే సామాను. అది మార్చాలి.

కొత్తది ఎక్కడ దొరుకుతుంది? కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఈ కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ 2014 మే నెలలోనే ఆగిపోయింది. 1950ల చివర్లో మొదలుపెట్టి, అర్ధ శతాబ్దానికి పైగా కొద్దికొద్ది మార్పులతో అదే ఆకారం కారుని తయారుచేశారు. 2017లో 'అంబాసిడర్' అనే పేరుని ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకి కొనుక్కుంది. పేరుకైతే అంత గిరాకీ ఉంది గానీ, మా బండికి కావలసిన ఇరుసు మాత్రం ఎక్కడా లేదు. చివరికి మా వారూ, మేస్త్రీ కలిసి విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల షాపులో వేరే ఏదో బండి యాక్సిల్ ఒకటి పట్టుకొచ్చారు. అది ఏ బండిదో అమ్మినాయనకే సరిగా తెలియదట. టేపు పెట్టి కొలిస్తే ఇంచుమించు సరిపోయిందట. అంగుళం అటూఇటూ అయితే ఏమవుతుందో ఆ 'ఇంచుమించు' మాకు తర్వాత చూపించింది.

చక్రాలు బిగించే రోజు మా వారికి స్కూల్లో పరీక్షల పని పడింది. మేస్త్రికి డబ్బులిచ్చి రమ్మని నన్ను పంపారు. నేను వెళ్ళేసరికి బండి వెనక భాగం జాకీ మీద లేచి ఉంది. కొత్త యాక్సిల్ పాతదానికంటే కాస్త పొట్టిది. అందుకని చక్రం పెట్టగానే టైరు లోపలికి పోయి కమాను కట్టకి రాసుకుంటోంది. రంధ్రాలు సరిగ్గా పడ్డాయి, అదొక్కటే అదృష్టం. టైరుని బయటికి జరపడానికి మేస్త్రి ఏం చేశాడంటే, చక్రానికీ అది కూర్చునే హబ్‌కీ మధ్య, ప్రతి స్టడ్‌కీ మందపాటి వాషర్లు రెండేసి తొడిగాడు. ఆ పైన చక్రం పెట్టి నట్లు బిగించాడు. పాత నట్లు ఈ స్టడ్లకి పట్టలేదని ఒక రేకు డబ్బా బోర్లించి, దొరికినవి ఏరాడు. కొన్ని బల్లపరుపు నట్లు, కొన్ని కోను నట్లు.

"ఇలా ఎడంగా పెడితే ఊడిపోదా మేస్త్రీ?" అన్నాను.

"ఏటవ్వదమ్మా. నాను ముప్పయ్యేళ్ళ నుంచీ బిగిత్తన్నాను. సారుకి నాను సెప్తానులెండి, మీరెల్లండి" అన్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మర్యాదగానే అన్నాడు. నేను డబ్బులిచ్చి వచ్చేశాను. అనుమానం వచ్చి కూడా ఇంటికొచ్చి మా వారితో ఆ మాట అనలేదు. "నీకేం తెలుసు" అంటారేమోనని ముందే నేనే అనేసుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

తర్వాత వారానికి అరకులో మా ఆడపడుచు కొడుక్కి పుట్టువెంట్రుకలు. అత్తయ్యగారు, నేను, పిల్లలిద్దరూ వెనక సీట్లో, ఊరగాయ జాడీలతో, పిండివంటల డబ్బాలతో బయల్దేరాం. మా ఊరి నుంచి అరకు అంటే తెలిసిందే కదా, బొడ్డవర దాటాక కొండలు దగ్గరవుతాయి, కాశీపట్నం దాటితే ఇక మలుపులూ ఎక్కుడూనే. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తుకి ఎక్కాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క చూడటానికి బాగానే ఉంటుంది గానీ, కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయి.

బొడ్డవర దాటగానే టిక్కు టిక్కుమని చప్పుడు. ముందు విన్నది అత్తయ్యగారు. "ఏటే అమ్మా ఆ చప్పుడు?" అన్నారు. "పాత బండి కదమ్మా, చప్పుళ్ళుంటాయి" అన్నారు మా వారు. కాసేపటికి టిక్కు టిక్కు కాస్తా టకటక అయింది. "ఏమండీ, ఒకసారి ఆపండి" అన్నాను. ఆపలేదు. "ఒరే, ఆపమంటుంటే" అన్నారు అత్తయ్యగారు. ఆపారు. తల్లి మాటకీ పెళ్ళాం మాటకీ తూకంలో తేడా ఉంటుందని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆ పూట మాత్రం ఆ తేడాయే మమ్మల్ని కాపాడింది.

దిగి చూస్తే ఎడమ వెనక చక్రానికి ఒక నట్టు లేనే లేదు. ఇంకొకటి మా అబ్బాయి చేత్తో పట్టుకుంటే తిరిగింది. వాడు అయిదో తరగతి. వెనకాలే వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు వంగి చూసి, "ఈ వాషర్లతో కొండెక్కితే సెక్రం ముందెల్తాదమ్మా, మీరు ఎనకాలెల్తారు" అన్నాడు. నవ్వించాలని అన్నాడో, భయపెట్టాలని అన్నాడో తెలియదు. తనే స్పానర్ తీసుకుని ఉన్నవాటిని బిగించి, మెల్లగా వెనక్కి తిప్పుకుని ఇంటికి పొమ్మన్నాడు. అదే చక్రం పై మలుపుల్లో ఊడి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను. పిల్లలు మాత్రం హాయిగా పడుకున్నారు.

మా వీధిలో ఒక బాబాయిగారున్నారు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మర్నాడు చక్రం ఊడదీయించి, నన్ను కూడా పిలిచి చూపించారాయన. నేను అడగబట్టే పిలిచారనుకోండి. రిమ్ము మీద గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోలగా సాగిపోయాయి. ఆ రిమ్ము ఇంక పనికిరాదు.

బండి బరువంతా ఆ స్టడ్ల మీద వేలాడుతుందని నేననుకునేదాన్ని. కాదట. నట్లు బిగించినప్పుడు రిమ్ము ముఖం హబ్ ముఖానికి గట్టిగా అదుముకుంటుంది. రెండు ఇనప ముఖాల మధ్య ఉండే ఆ పట్టే బండిని మోస్తుంది. స్టడ్లూ నట్లూ ఆ పట్టు సడలకుండా చూడటానికి. మధ్యలో విడివిడి వాషర్లు పెడితే ఆ పెద్ద ముఖం కాస్తా నాలుగు చిన్న బిళ్ళలంత అయిపోతుంది. పైగా వాషర్ల మందం మేరకి స్టడ్ పొడవు తగ్గిపోయి, నట్టుకి పట్టుకోవడానికి మర మిగలదు. స్టడ్ ఎంత లావో కనీసం అంత లోతైనా మర నట్టులోకి పోవాలట. మాకు దక్కింది మూడు నాలుగు చుట్లే.

"కుక్కర్ మూతకి వేరే కంపెనీ రబ్బరు పెట్టి చూడమ్మా" అన్నారు బాబాయిగారు. "మూత పడుతుంది. పొయ్యి మీద పెట్టొచ్చు. మొదటి విజిల్ దాకా ఏమీ తెలియదు." నాకు అంతకంటే వివరంగా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నట్ల సంగతి ఇంకా తమాషా. రిమ్ము రంధ్రం అంచు గరాటులా ఏటవాలుగా ఉంటే నట్టు కూడా కోనుగా ఉండాలి, ఆ కోను వైపు చక్రం మీదకి తిరిగి ఉండాలి. అప్పుడే చక్రం సరిగ్గా మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. బల్లపరుపు నట్టు వేస్తే అంచు మీద మాత్రమే ఆనుతుంది. ఇక మరలు. పాత ఇంగ్లీషు, అమెరికా బండ్లకి అంగుళాల మరలు, తర్వాతి వాటికి మిల్లీమీటర్ల మరలు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ కొలత నట్టుని 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి తొడిగితే ఎక్కినట్టే ఎక్కుతుంది గానీ పట్టు ఉండదు. రెండు చుట్లు వేలితో తిరిగి ఆ తర్వాత బిగుసుకుపోతే అది కూడా అబద్ధపు బిగువే, మరలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయన్నమాట. సరైన నట్టు ఆఖరిదాకా వేళ్ళతోనే పోవాలి.

పాత విల్లీస్ జీపుల్లో ఎడమ వైపు చక్రాలకి మరలు తిరగేసి ఉండేవట. మామూలుగా విప్పే వైపు తిప్పితే అవి బిగుసుకుంటాయి. అలాంటి యాక్సిల్ తెచ్చి బిగించుకుని, ఆ సంగతి తెలియక స్పానర్ మీద నిలబడి తొక్కి స్టడ్లు విరగ్గొట్టుకున్న వాళ్ళని ఆయన చాలామందిని చూశారట.

రంధ్రాలు సరిపోతాయో లేదో కొనకముందే ఎలా తెలుసుకోవాలని అడిగాను. స్టడ్లన్నీ ఒక వృత్తం మీద ఉంటాయి, ఆ వృత్తం అడ్డుకొలత రెంటికీ ఒకటే అవ్వాలి. నాలుగు స్టడ్లయితే ఎదురెదురు వాటి మధ్య కొలిస్తే చాలు. అయిదయితే ఎదురెదురుగా ఏవీ ఉండవు కదా. ఒకదాన్ని వదిలి తర్వాతిదాని దాకా, మధ్య నుంచి మధ్యకి కొలిచి, దాన్ని 1.05తో హెచ్చవేయాలి. ఎందుకలా అని మా అమ్మాయి కాగితం మీద వృత్తం గీసి గంటసేపు కుస్తీ పట్టింది. అది ఎనిమిదో తరగతి. లెక్కల పుస్తకంలోని వృత్తం మీద అంత శ్రద్ధ ఎప్పుడూ చూపించలేదు.

రెండోసారి బిగించినప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను. ఈసారి వాషర్లు లేవు. యాక్సిల్ పొట్టిది గనక, బయటికి ఎక్కువ జరిగి ఉండే రిమ్ములు రెండు వెతికించాం. ఆ స్టడ్ల మరకే సరిపడే నట్లు, అన్నీ ఒకే రకంవి కొన్నాం. హబ్ ముఖం మీద తుప్పూ, రిమ్ము వెనక రంగు పెచ్చులూ ఇనప బ్రష్షుతో గీకించాం. లేకపోతే నడుస్తుంటే ఆ పెచ్చు నలిగి, బిగించిన నట్టు వదులవుతుంది. నట్లని వరసగా కాకుండా ఎదురుబొదురుగా, ముగ్గులో చుక్కలు కలిపినట్టు, మొదట అన్నీ కొద్దిగా బిగించి, జాకీ దింపాక గట్టిగా బిగించారు. తర్వాత అయిదుగురం బండెక్కి కూర్చుంటే బాబాయిగారు కింద వంగి టైరుకీ కమాను కట్టకీ మధ్య వేళ్ళు పెట్టి చూశారు, అటు మడ్‌గార్డు దగ్గరా చూశారు. ఖాళీ బండికి సరిపోయిన సందు జనం ఎక్కితే సరిపోకపోవచ్చు.

మేస్త్రి అన్నీ చేశాడు. ముందు కాస్త ముఖం ముడుచుకున్నాడు గానీ, చివర్లో "ముందే సార్ ఇలాగ సెయ్యమంటే ఇలాగే సేద్దును కదమ్మా. తొందరగా అవ్వాలి, తక్కువలో అవ్వాలి అన్నారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. బేరం ఆడింది మేమే. చవగ్గా చేయించుకున్నందుకు మా వారు ఆ వారమంతా ఎంత సంతోషపడ్డారో నాకు తెలుసు.

అన్నట్టు, ఇంకో చిక్కు ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది, అందుకని గర్వంగా రాస్తున్నాను. ముందు చక్రాలు పాతవి, వెనకవి వేరే. మరి ఉన్న స్టెప్నీ దేనికి సరిపోతుంది? ముందుకే! వెనక చక్రం పంక్చరయితే స్టెప్నీ ఉండి కూడా లేనట్టే. ఇప్పుడు డిక్కీలో రెండు స్టెప్నీలు, రెండు రకాల నట్లు విడివిడి సంచుల్లో పెట్టుకుని తిరుగుతున్నాం. ఊరగాయ జాడీలకి చోటు లేదని అత్తయ్యగారు సణుగుతారు.

మా మరిది ఈ కారుని 'వింటేజ్' కింద రిజిస్టరు చేయించమంటాడు. 2021లో వచ్చిన రూలు ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకి ఆ అవకాశం ఉంది. కానీ అలా చేయిస్తే రోజువారీ పనులకి తిప్పకూడదు. బజారుకీ, ఆస్పత్రికీ, పెళ్ళిళ్ళకీ వాడుకునే బండిని షోకేసులో బొమ్మ చేసుకోలేం. ఇరుసు మార్చేశాక ఇంక అసలు రూపం ఏమిటి, అది వేరే చర్చ.

ఇదంతా చదివి కొందరు ఏమంటారో నాకు తెలుసు. వంట, పిల్లల చదువులు, పెద్దవాళ్ళ మందులు, ఉద్యోగం ఉంటే అదీ, ఇన్ని చాలవని చక్రాలు కూడా మన నెత్తిన వేస్తావా అని మా స్నేహితురాలు నిజంగానే అడిగింది. న్యాయమైన మాటే. నేనూ గ్రీజు పూసుకుని బండి కింద దూరాలని అనడం లేదు. షెడ్డు నుంచి బండి వచ్చిన రోజున నాలుగు ప్రశ్నలు అడగమంటున్నాను. ఏం మార్చారు, అది ఏ బండిది, నట్లు అన్నీ ఒకటేనా, మళ్ళీ బిగువు చూడటానికి ఎప్పుడు తీసుకురమ్మన్నారు? ఈ ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. చక్రం విప్పి బిగించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి స్పానర్ పెట్టి చూడాలి. అయిదు నిమిషాల పని. పాలవాడి లెక్క చూడటానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఇది ఆడవాళ్ళకి కొత్త విద్య కూడా కాదు. ప్రపంచంలో మొట్టమొదట మోటారు కారులో దూర ప్రయాణం చేసింది ఒక ఆడమనిషే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, భర్తకి చెప్పకుండా ఆయన తయారుచేసిన బండి తీసి, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో పుట్టింటికి నూరు కిలోమీటర్ల పైన వెళ్ళింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టే ఆయన చేత తోలు కొట్టించింది. పుట్టింటికి వెళ్ళాలన్న పట్టుదల ఉంటే ఏ దేశపు ఆడదైనా ఒకటే కాబోలు! మన తెలుగు నేల మీదే, కొత్తగూడెం దగ్గర సుజాతానగర్‌లో భర్తతో కలిసి టైర్ల షాపు నడుపుతూ లారీ చక్రాలు విప్పి బిగించే మహిళ గురించి 2021 ప్రాంతంలో పత్రికల్లో చాలా వచ్చింది. లారీ చక్రం ముందు మా అంబాసిడర్ చక్రం ఎంత?

ఈమధ్య మళ్ళీ అరకు వెళ్ళాం. బొడ్డవర దగ్గర మా వారు ఎవరూ చెప్పకుండానే బండి పక్కకి తీసి ఆపారు. అమ్మాయి డిక్కీ తెరిచి స్పానర్ తీసుకుని వెనక చక్రాల దగ్గర కూర్చుంది. టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళు గ్లాసులు పట్టుకుని వింతగా చూస్తున్నారు. అత్తయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎన్ని తిరిగాయే?" అని అడిగారు.

"ఒక్కటి కూడా తిరగలేదు నాన్నమ్మా!"

"అయితే పోనీయరా అబ్బాయ్" అన్నారావిడ, జాడీని ఒళ్ళో సర్దుకుంటూ.